ఫోను పేరు కాదు, నంబరు చదువుడు

మన సంఘ కార్యాలయములలో కంప్యూటర్లు వచ్చిన నాటినుండి సభ్యులు తరచుగా చెప్పుచున్న ఫిర్యాదు ఒకటి కలదు. ఫోనులోని ఫోటోలు, కాగితముల నకళ్లు కంప్యూటరులోనికి దిగుట లేదనునదే యా ఫిర్యాదు. పొరుగువాని ఫోనునుండి నిమిషములో దిగినవి. అదే పేరుగల తన ఫోనునుండి ఎంతసేపటికిని దిగవు. అప్పుడు కొందరు గుమాస్తాకు పని రాదందురు. కొందరు కేబులు చెడినదందురు. మరికొందరు ఫోనే దొంగసరకని త్రోసివేయుదురు. మేము కొంతకాలముగా ఈ చిక్కును దగ్గర నుండి చూచుచున్నాము. మా యభిప్రాయమున తప్పు చాలవరకు మనుష్యులది కాదు. ఫోను పేరును మాత్రమే నమ్ముటలో నున్నది. ఒకే పేరుతో అమ్ముడగు ఫోను, దానిని అమ్మిన నెట్‌వర్కు కంపెనీనిబట్టి వేరు వేరు రూపములలో నుండును. ఈ సంగతి యెరుగక చేయు వైద్యము రోగమును ముదురబెట్టుచున్నది.

ఈ మాటలు వ్రాయుటకు మాకు కారణమైన సంఘటనను ముందుగా చెప్పెదము. ఒక సభ్యుని కుమారుడు అమెరికాలో ఉద్యోగము చేయుచున్నాడు. అతడు తాను వాడి విడిచిన ఫోనును తండ్రికి పంపెను. ఇట్టి ఫోనులు నేడు మన పల్లెలలో ఎన్నో యిండ్లలో కలవు. ఫోను మంచిదే, ఫోటోలు తేటగా వచ్చును. వరి కోసి పనలు మడిలో నుండగా అకాలవర్షము కురిసెను. ఆ సభ్యుడు తడిసిన పనలను, మడిలో నిలిచిన నీటిని, గట్టుమీది సరిహద్దు రాయితో సహా ఫోటోలు తీసెను. ఆయన తెలివిగా చేసిన పని యది. 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నిబంధనల ప్రకారము, కోసి ఆరబెట్టిన పంటకు 14 దినములలోపల అకాలవర్షమువలన నష్టము కలిగినచో 72 గంటలలో తెలియజేయవలసియున్నది. ఆయన ఆ వార్తను సకాలముననే ఫోనుద్వారా అందజేసెను. ఫోటోలను కంప్యూటరులోనికి దింపి, అచ్చువేయించి, కాగితములతో జతపరచుదమని సంఘ కార్యాలయమునకు వచ్చెను.

కేబులు తగిలింపగనే కంప్యూటరుమీద ఫోటోల సంచికి బదులుగా ఒక సీడీ డ్రైవు గుర్తు కానవచ్చెను. దానిని తెరచి చూడగా అమెరికాలోని నెట్‌వర్కు కంపెనీవారి సాఫ్ట్‌వేరును ఎక్కించుకొనుడని యడిగెను. గుమాస్తా దానిని ఎక్కింప యత్నించెను, అది ఎక్కలేదు. రెండు గంటలు గడచినవి. వెనుక వేచియున్న వారు విసుగుకొనిరి. తుదకు ఆ సభ్యుడు పట్నములో ఒక దుకాణమునకు పోయెను. అచ్చటివారు సాఫ్ట్‌వేరు చెడినదని, అంతయు తుడిచివేసినచో బాగగునని చెప్పి ఫోనును రీసెట్టు చేసిరి. నెట్టు ఖర్చగునని బ్యాకప్పు ముందే ఆపియుంచిరి. కావున తడిసిన పనల ఫోటోలు పోయినవి. మూడేండ్ల సాగు ఖర్చు లెక్కలు పోయినవి. గతించిన తల్లిగారి చిత్రములును పోయినవి. రీసెట్టయిన ఫోను తెరచుకొనుటకు పూర్వపు గూగులు ఖాతాను అడిగెను. ఆ ఖాతా కుమారునిది. అప్పుడు అమెరికాలో అర్ధరాత్రి.

తరువాత మేము అట్టిదే మరియొక ఫోనును తెప్పించి చూచితిమి. అది చెడిన ఫోను కాదు. ఆ నెట్‌వర్కు కంపెనీవారు తమ ఫోనులను, కేబులు తగిలింపగనే మొదట తమ సాఫ్ట్‌వేరు సీడీవలె కనబడునట్లు అమర్చియుండిరి. ఫోను తెరపై నోటిఫికేషనును క్రిందికి దించి, కనెక్షను విధములలో 'మీడియా డివైసు' అనుదానిని తాకినచో ఫోటోలు వచ్చుచున్నవి. నాలుగు నిమిషముల పని. ఆ నాలుగు నిమిషముల పని తెలియకపోవుటచేత నొక కుటుంబము తిరిగి సంపాదింపలేని వస్తువును పోగొట్టుకొనినది. ఇది మన సంఘములలో మరల జరుగకూడదని మా కోరిక.

పేరు ఒకటి, వస్తువు వేరొకటి యనునది రైతులకు క్రొత్త సంగతి కాదు. విత్తనముల దుకాణమునకు పోయి 'మసూరి' యని యడిగి తెచ్చుకొన్నవాడు తన మడిలో ఏమి పండునో చెప్పలేడు. మసూరి వేరు, సాంబా మసూరి వేరు. బాపట్లనుండి వచ్చిన బి.పి.టి. 5204 అను నంబరును చూచి తెచ్చుకొన్నవాడే తాను దేనిని విత్తుచున్నాడో ఎరుగును. మంచి రైతు ఆ నంబరుతోనే తృప్తి చెందడు. సంచికి కుట్టిన చీటీమీది లాటు నంబరును గూడ చదివి, చీటీని దాచుకొనును. మొలక రానిచో ఆ చీటీయే యాధారము. ఫోను విషయమునను సరిగా ఇట్లే చేయవలెను.

ఒక యుదాహరణము చూపెదము. 2014లో సామ్‌సంగు కంపెనీవారు గెలాక్సీ ఎస్‌5 అను ఫోనును విడుదల చేసిరి. అమెరికాలో దానిని నాలుగు పెద్ద నెట్‌వర్కు కంపెనీలు అమ్మినవి. వెరిజాన్‌వారు అమ్మినది ఎస్‌ఎం-జి900వి. ఏటీఅండ్‌టీవారు అమ్మినది ఎస్‌ఎం-జి900ఏ. టీ-మొబైలువారు అమ్మినది ఎస్‌ఎం-జి900టి. 2020లో టీ-మొబైలులో కలిసిపోయిన స్ప్రింటువారు అమ్మినది ఎస్‌ఎం-జి900పి. ఐరోపాలో అమ్ముడైనది ఎస్‌ఎం-జి900ఎఫ్‌. పెట్టెమీది పేరు అన్నింటికి నొకటే. చేతికి తీసికొన్నచో భేదము తెలియదు. తుది యక్షరమే అది ఎవరి చేతిమీదుగా వచ్చినదో తెలుపును. అంతకు రెండేండ్లు ముందు, అనగా 2012లో వచ్చిన గెలాక్సీ ఎస్‌3 విషయమున భేదము ఇంకను లోతైనది. ప్రపంచమున చాలచోట్ల అమ్మినదానిలో సామ్‌సంగువారి నాలుగు కోరుల ప్రాసెసరు ఉండగా, అమెరికాలో అమ్మినదానిలో క్వాల్‌కామువారి రెండు కోరుల ప్రాసెసరు ఉండెను. పైతొడుగు ఒకటి, లోపలి యింజను వేరొకటి యన్నమాట. ఒకదానికై వ్రాసిన సాఫ్ట్‌వేరు రెండవదానికి సరిపడలేదన్నచో ఆశ్చర్యమేమున్నది?

ఇంతకంటె పూర్వము, స్మార్టుఫోనులు రాకముందు, ఈ చిక్కు మరింత కఠినముగా నుండెడిది. ఆ కాలమున అమెరికాలో సీడీఎంఏ ఫోనులు విరివిగా నుండెను. వానిలోని పేర్లను, ఫోటోలను కంప్యూటరులోనికి తీసికొనుటకు బిట్‌పిమ్ అను నుచిత సాఫ్ట్‌వేరును కొందరు స్వచ్ఛందముగా వ్రాసి అందరికిని ఇచ్చిరి. ఆ సాఫ్ట్‌వేరు నడచుటకు ఫోను తయారుదారు పేరు చెప్పిన చాలదు. సరియైన మోడలును ఎన్నుకొనవలెను. ఎల్‌జి కంపెనీవారి ఫోనులలో వీఎక్స్‌ అని మొదలగునవి వెరిజాన్‌వి, ఎల్‌ఎక్స్‌ అనునవి స్ప్రింటువి, ఏఎక్స్‌ అనునవి 2009లో వెరిజాన్‌లో కలిసిపోయిన ఆల్‌టెల్‌వి. చూపునకు అన్నదమ్ములవలె నుండు రెండు ఫోనులలో ఫోటోలు వేరు వేరు చోట్ల దాగియుండెడివి. నంబరు తప్పుగా నెన్నుకొన్నవాడు ఫోను చెడినదనుకొనెడివాడు. సరిగా నెన్నుకొన్నవాడు పని ముగించుకొనెడివాడు. వెరిజాన్‌వారు తమ సీడీఎంఏ నెట్‌వర్కును 2022 సంవత్సరాంతమున మూసివేసిరి. ఆ ఫోనుల కాలము గతించినది. కాని యవి నేర్పిన పాఠము గతింపలేదు.

భేదము లన్నియు యంత్రధర్మముచేత వచ్చినవి కావని గూడ మనము తెలిసికొనవలెను. కొన్ని కావలెనని పెట్టినవి. 2004లో మోటరోలావారి వీ710 అను ఫోనును వెరిజాన్‌వారు అమ్మిరి. అందు బ్లూటూతు కలదు. కాని దానిద్వారా ఫోటోలను కంప్యూటరునకు పంపు సౌకర్యమును వెరిజాన్‌వారు తొలగించి యమ్మిరి. ఫోటోను పంపదలచినచో కంపెనీ నెట్‌వర్కు మీదుగా, రుసుము చెల్లించి పంపవలసి వచ్చెను. కొన్నవారు ఊరకుండలేదు. 2005లో కాలిఫోర్నియాలో కంపెనీమీద దావా వేసిరి. అది తుదకు రాజీతో ముగిసినది. మన సొంత ధాన్యమును మన గాదెనుండి తీసికొనుటకు ఇంకొకరి తూము గుండనే పోవలెనన్నచో రైతు ఒప్పుకొనునా? ఫోనులోని ఫోటో విషయమునను న్యాయ మదియే.

మన దేశమునను ఇట్టి కట్టుబాటును చూచినవారు కలరు. 2003లో రిలయన్సువారు 501 రూపాయలు చెల్లించినవారికి ఫోను నిచ్చిరి. ఫోను పేదవాని చేతికి వచ్చుటకు ఆ పథకము తోడ్పడెను. ఆ మేలును మేము కాదనము. కాని యది సీడీఎంఏ ఫోను. దానిలో మార్చుకొనుటకు సిమ్ము లేదు. కంపెనీని విడిచినచో ఫోనును విడువవలసినదే. నేడు మన యంగడులలో దొరకు ఆండ్రాయిడు ఫోనులలో నెక్కువభాగము ఏ సిమ్మునకైనను పనిచేయునవే కావున మనవారు ఈ చిక్కును మరచిరి. అమెరికానుండి చుట్టములు పంపు ఫోనులతో అది మరల మన గడప త్రొక్కుచున్నది.

ఇక చేయవలసిన దేమి? ప్రదర్శనపు మడులలో మేము సభ్యులకు ఏండ్ల తరబడి చెప్పుచున్న సూత్రమొకటి కలదు. ఒకేసారి విత్తనమును, ఎరువును, నీటి తడిని మార్చినచో దిగుబడి ఏ కారణమున పెరిగినదో తెలియదు. ఒక్కసారికి ఒక్కదానినే మార్చి, ఫలితమును వ్రాసికొనవలెను. ఫోను చిక్కును విప్పుటకును ఇంతకంటె మంచి సూత్రము లేదు. ఆ వరుసను ఇచ్చట చెప్పెదము.

మొట్టమొదట ఫోను మోడలు నంబరును చదువవలెను. సెట్టింగ్సులో తుదిభాగమున 'అబౌట్ ఫోన్' అను పుటలో అది యుండును. తెలుగు భాష పెట్టుకొన్నవారికి 'ఫోన్ గురించి' అని కనబడును. ఆ నంబరును, అందే కనబడు ఆండ్రాయిడు సంఖ్యను కాగితముమీద వ్రాసికొనవలెను. పేరు చెప్పి సలహా అడుగుట కంటె నంబరు చెప్పి అడిగినవానికి సరియైన జవాబు దొరకును.

రెండవది, ఫోను తాళము తీసియుంచవలెను. దీనికి కారణము తెలిసినచో మరపు రాదు. పూర్వపు ఆండ్రాయిడు ఫోనులు కేబులు తగిలింపగనే పెన్‌డ్రైవువలె తమ నిల్వను కంప్యూటరున కప్పగించెడివి. అది గోదాము తాళపుచెవిని కొనుగోలుదారుని చేతికిచ్చినట్లుండెను. 2011లో వచ్చిన ఆండ్రాయిడు 3, 4 సంఖ్యలనాటినుండి ఎంటీపీ అను పద్ధతి వాడుకలోనికి వచ్చినది. ఇందు తాళపుచెవి ఫోను దగ్గరనే యుండును. కంప్యూటరు అడిగిన సరకును ఫోనే కిటికీలోనుండి అందించును. తెర తాళము వేసియున్నచో ఆ కిటికీ మూసియున్నట్లే. ఖాళీ సంచి కనబడి, ఫోటోలు లేవని కంగారుపడిన సభ్యులను మేము చూచితిమి. తాళము తీయగనే ఫోటోలు కానవచ్చినవి.

మూడవది, కనెక్షను విధమును ఎన్నుకొనవలెను. 2015లో వచ్చిన ఆండ్రాయిడు 6 మొదలుకొని, కేబులు తగిలించినప్పుడు ఫోను తనంతట తాను ఛార్జింగు మాత్రమే చేసికొనును. తెర పైభాగమునుండి నోటిఫికేషనును దించి, యూఎస్‌బీ అను మాటగల వరుసను తాకి, 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' అనుదానిని ఎన్నుకొనవలెను. కంపెనీనిబట్టి మాటలు మారును. ఒకదానిలో 'ఫైల్ ట్రాన్స్‌ఫర్', ఒకదానిలో 'మీడియా డివైసు', మరియొకదానిలో 'ఎంటీపీ' అని యుండును. మూడును ఒకటే. ఆ సభ్యుని ఫోనులో వలె సీడీ గుర్తు వచ్చినచో, అందలి సాఫ్ట్‌వేరును ఎక్కింపనక్కరలేదు. ఈ విధమును మార్చిన చాలును. 'పీటీపీ' అనుదానిని ఎన్నుకొన్నచో ఫోను కెమెరావలె నటించి ఫోటోలను మాత్రము చూపును. ఎంటీపీ పనిచేయనిచోట ఫోటోలకు అది యక్కరకు వచ్చును.

నాలుగవది కేబులు. సామాన్యపు యూఎస్‌బీ కేబులులో నాలుగు తీగలుండును. రెండు విద్యుత్తునకు, రెండు సమాచారమునకు. చౌకగా దొరకు కొన్ని కేబుళ్లలో సమాచారపు తీగలు రెండును ఉండవు. అట్టి కేబులుతో ఫోను చక్కగా ఛార్జి యగుచుండును. కంప్యూటరునకు మాత్రము ఫోను వచ్చినట్లే తెలియదు. ఛార్జి యగుచున్నది గనుక కేబులు మంచిదే యనుకొనుట పొరపాటు. సమాచారము నడుచునని ముందే పరీక్షించిన కేబులుతో మరల చూడవలెను.

అయిదవది, కంప్యూటరును శంకింపవలెను. కేబులును వేరొక రంధ్రమున తగిలించి చూడవలెను. కంప్యూటరు పెట్టె వెనుకనున్న రంధ్రములు ముందరివానికంటె నమ్మదగినవి. తరువాత ఫోనును, కంప్యూటరును ఆపి మరల నడిపింపవలెను. పిమ్మట వేరొక కంప్యూటరుమీద చూడవలెను. అచ్చట పనిచేసినచో ఫోను నిర్దోషి. మొదటి కంప్యూటరులో డ్రైవరు అను సాఫ్ట్‌వేరును తయారుదారు సొంత వెబ్‌సైటునుండి తెచ్చి ఎక్కింపవలెను. ఎక్కడబడిన అక్కడ దొరకునది తెచ్చి సంఘపు కంప్యూటరులో ఎక్కించుట విషమును తెచ్చి ధాన్యపుగాదెలో పోయుట వంటిది. సభ్యులందరి లెక్కలు అందే యున్నవని మరువరాదు.

ఆరవది, కేబులు దారి మూసికొన్నచో వేరొక దారి పట్టవలెను. మెమరీ కార్డు పెట్టు చోటున్న ఫోనులో ఫోటోలను కార్డులోనికి నకలుచేసి, ఫోనును ఆపి, కార్డును తీసి, కార్డు రీడరు ద్వారా కంప్యూటరున చూపవచ్చును. ఇది అన్నింటికంటె ప్రాతది, అన్నింటికంటె నమ్మదగినది. ఈ దారిలో నెట్‌వర్కు కంపెనీ జోక్యము మిక్కిలి తక్కువ. అయితే ఎన్‌క్రిప్టు చేసిన కార్డునుగాని, ఫోను లోపలి నిల్వలో కలుపుకొన్న కార్డునుగాని ఇతర యంత్రములు చదువలేవు. కార్డును తీయకముందే ఈ సంగతి చూచుకొనవలెను. ఒక ఆండ్రాయిడు ఫోనునుండి మరియొక ఆండ్రాయిడు ఫోనునకు క్విక్ షేరు ద్వారా పంపవచ్చును. 2020లో వచ్చిన నియర్‌బై షేరు అనుదానిని 2024లో ఇందు కలిపిరి. దీనికి సిమ్ముతో పనిలేదు. సరిగా దిగు ఫోనులోనికి మొదట ఫోటోలను మార్చుకొని, దానినుండి కంప్యూటరులోనికి దింపుకొనవచ్చును.

ఇంకొక మాటను గట్టిగా చెప్పదలచితిమి. అమెరికా ఫోనులో మన సిమ్ము పెట్టగా అది అంగీకరింపనిచో, దానికి నెట్‌వర్కు తాళము వేసియున్నదని యర్థము. ఆ తాళమునకును, కేబులుద్వారా ఫోటోలు దింపుటకును సంబంధము లేదు. సిమ్ము లేకున్నను ఫోటోలు దిగును. ఈ రెండింటిని కలిపి యొక్కటే రోగమనుకొని రీసెట్టు చేయించువారు చాలమంది. రీసెట్టు ఆ తాళమును తీయదు. ఫోటోలను మాత్రము తీసివేయును. నకలు చేతికి రానిదే రీసెట్టునకు ఒప్పుకొనరాదు. దుకాణమువారు ఎంత ధైర్యము చెప్పినను ఈ మాటను విడువరాదు.

మా మాటలకు వచ్చు ఆక్షేపణలను గూడ ఆలోచించితిమి. ఇంత శ్రమ యేల, అన్నింటిని వాట్సాపులో పంపిన చాలునుగదా యని కొందరు సభ్యులందురు. చిన్న పనులకు చాలును. కాని మామూలుగా పంపిన ఫోటోను వాట్సాపు కుదించును. తీసిన తేదీ, చోటు మొదలైన వివరములు ఫోటోనుండి తొలగిపోవును. నష్టమునకు సాక్ష్యముగా చూపదలచిన ఫోటోకు ఆ వివరములే ప్రాణము. తప్పనిసరియైనచో ఫోటోగా కాక 'డాక్యుమెంటు' గా పంపినచో ఉన్నదున్నట్లు పోవును. పైగా వరదలలో, తుపానులలో మొదట పడిపోవునది నెట్టే. అప్పుడు కేబులును, కార్డును మాత్రమే మనకు దిక్కు.

షేరిట్, జెండర్ వంటి యాపులు అందరికిని అలవాటైనవికదా, అవి యుండగా ఈ తంటా లేకుండెనని మరికొందరు చెప్పుదురు. 2020 జూన్ 29వ తేదీన భారత ప్రభుత్వము నిషేధించిన 59 యాపులలో ఆ రెండును కలవు. దానినే నమ్ముకొన్నవారికి ఒక్క దినములో దారి మూసికొనినది. ఆ నిషేధము మంచిదా చెడ్డదా యనుట మా పని కాదు. ఒక్క కంపెనీవారి సాఫ్ట్‌వేరుమీదనే మన సామానంతయు పెట్టరాదని మాత్రము మేమందుము. ఒక్క పంటమీదనే యాధారపడిన రైతుకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

ఇది సంఘముల పని కాదని, సంఘము అప్పులు, ఎరువులు, విత్తనములు చూచుకొన్న చాలునని పెద్దలు కొందరందురు. వారి మాటను మేము గౌరవించుచున్నాము, కాని యొప్పుకొనజాలము. ప్రాథమిక సహకార సంఘముల లెక్కలను కంప్యూటర్లలో పెట్టుటకై కేంద్ర మంత్రిమండలి 2022 జూన్ 29వ తేదీన 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. అది 63,000 సంఘములను ఉద్దేశించినది. ఇంత ధనము వెచ్చించి తెచ్చిన కంప్యూటరు సభ్యుని ఫోనుతో మాటలాడలేకున్నచో, బావి త్రవ్వి చేద మరచినట్లగును. నేడు పాసుపుస్తకపు నకలు, రసీదు, పంట ఫోటో, అన్నియు ఫోనులోనే యున్నవి. సభ్యుని జేబులోనున్న దస్త్రమును సంఘపు బల్లమీదికి చేర్చుట సంఘపు పనియే.

కావున ప్రతి సంఘమును నాలుగు పనులు చేయవలెనని మా విన్నపము. మొదటిది, కార్యాలయమున నొక పుస్తకము పెట్టి, వచ్చిన ప్రతి ఫోను మోడలు నంబరును, అది కంప్యూటరునకు దొరకిన విధమును ఒక్కొక్క వరుసలో వ్రాయవలెను. ఏడాది తిరుగునప్పటికి ఆ పుస్తకము ఏ మెకానికు చెప్పలేని సంగతులను చెప్పును. పేరుతో గాక నంబరుతో వ్రాయుట ముఖ్యము. సభ్యుని ఫోనులోని విషయములను అందు వ్రాయరాదు. నంబరును, దారియు చాలును. రెండవది, పరీక్షించిన కేబుళ్లు రెండు, కార్డు రీడరొకటి కొని, వానిమీద సంఘపు గుర్తు వేసి, గుమాస్తా బల్లసొరుగునకు విడువకుండ నుంచవలెను. మూడవది, పైన చెప్పిన ఆరు మెట్లను పెద్దయక్షరములతో వ్రాయించి గోడకు అంటించి, అడుగున 'నకలు తీయక రీసెట్టు చేయింపరాదు' అని ఎఱ్ఱసిరాతో వ్రాయింపవలెను. నాలుగవది, పంటకాలమునకు ముందే, నష్టము రాకముందే, ప్రతి సభ్యుని చేతను ఒక్కసారి ఫోటో దింపించి చూడవలెను. ఇల్లు కాలుచుండగా బావికొరకు వెదకరాదు.

అమెరికా మొదలగు దేశములలోనున్న బిడ్డలకు సభ్యులు చెప్పవలసిన మాటయు నొకటి కలదు. 2014 ఆగస్టు 1వ తేదీన అమెరికాలో నొక చట్టము వచ్చినది. దాని ప్రకారము వాడుకదారు తన ఫోనును వేరొక నెట్‌వర్కున వాడుకొనుటకై తాళము తీయించుకొనవచ్చును. కంపెనీ షరతులు తీరిన పిదప వారి నడుగవలెను. ఫోను పంపకముందే ఈ తాళము తీయింపుడని బిడ్డలకు వ్రాయుడు. ఫోటోలు నకలు చేసికొని, తమ గూగులు ఖాతాను తొలగించి, ఆ మీదనే రీసెట్టు చేసి పంపుమనుడు. 2015నాటి ఆండ్రాయిడు 5.1 మొదలుకొని, ఖాతా తొలగింపక రీసెట్టు చేసిన ఫోను పూర్వపు యజమానిని అడుగక తెరచుకొనదు. దొంగలనుండి కాపాడుటకు పెట్టిన ఆ యేర్పాటు, తెలియని తండ్రికి శిక్షయగుచున్నది. పెట్టెలో ఫోనుతోపాటు మోడలు నంబరును వ్రాసిన చీటీ యొకటి పెట్టి పంపినచో మంచి విత్తనమునకు చీటీ కుట్టినట్లుండును.

మా సభ్యుని విషయమునకు తిరిగి వచ్చెదము. ఆయన యిప్పుడు ఆ ఫోనునే వాడుకొనుచున్నాడు. కుమారుడు దూరమునుండి ఖాతాను సరిచేయగా అది తెరచుకొనినది. మొన్న వచ్చి, తన ఫోను నంబరును సంఘపు పుస్తకములో మొదటి వరుసన తానే వ్రాసెను. దాని కెదురుగా 'సీడీ వచ్చినచో మీడియా డివైసు తాకవలెను' అనియు వ్రాసెను. పోయిన ఫోటోలను మేము తెచ్చి యియ్యలేకపోయితిమి. రెండవ వరుసన వ్రాయువాడు తన ఫోటోలతో ఇంటికి పోవునట్లు చూచుట మాత్రము మన చేతిలోని పని. రాబోవు వర్షములకు ముందుగానే ప్రతి సంఘమును ఆ పుస్తకమును తెరచునని నమ్ముచున్నాము.